డ్రోన్ నంబరు చెప్పాలి, పైలట్ చిరునామా కాదు

ఇంటి మీదుగా ఒక డ్రోన్ వెళ్తుంది. పెళ్ళి వీడియో తీసే కుర్రాడిదా, రియల్ ఎస్టేట్ వాళ్ళదా, పోలీసులదా, పక్కింటి పిల్లాడి బొమ్మా, కింద నిలబడి చూసేవాడికి తెలిసే దారి లేదు. రోడ్డు మీద వెళ్ళే ప్రతి బండికీ నంబరు ప్లేటు ఉంటుంది. గుద్ది పారిపోతే నంబరు రాసుకుని స్టేషన్‌కు వెళ్తాం. డ్రోన్‌కూ నంబరు ఉంది. అమెరికాలో దాన్ని డ్రోన్ బయటివైపు కనబడేలా అంటించాలన్న నియమమూ ఉంది. కాని మూడు వందల అడుగుల ఎత్తున తిరిగే వస్తువు మీద ఆ చిన్న స్టిక్కరును చదవగల కళ్ళు ఎవరికీ లేవు. అందుకని కంటికి కనబడని నంబరును గాలిలోకి రేడియో తరంగాలతో చాటించాలన్న ఆలోచన పుట్టింది. దాని పేరే రిమోట్ ఐడీ. పాత డ్రోన్లకు తగిలించుకునే చిన్న పెట్టెను రిమోట్ ఐడీ మాడ్యూల్ అంటున్నారు. ఈ ప్రసంగం ఆ నియమం గురించి, ఆ పెట్టె గురించి. గాలిలో ఎగిరే వస్తువు తానెవరో చెప్పుకోవడం న్యాయమే. అయితే దాన్ని ఎగరేసే మనిషి ఎక్కడ నిలబడి ఉన్నాడో కూడా దారినపోయే ప్రతివాడికీ చెప్పాలా? చెప్పనక్కర్లేదని నా వాదన. అందుకు ఆధారం కూడా ఆ నియమాల్లోనే ఉంది.

ముందు నియమం సంగతి. అమెరికా ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్, ఎఫ్ఏఏ, 2019 చివర ఒక ముసాయిదా బయటపెట్టింది. ప్రతి డ్రోన్ ఎగురుతున్నంతసేపూ ఇంటర్నెట్ ద్వారా ఒక సేవా సంస్థకు తన వివరాలు పంపుతూ ఉండాలని, రేడియోలో చాటించడం దానికి తోడుగా ఉండాలని అందులో ఉంది. దాని మీద 53,000కు పైగా అభిప్రాయాలు వచ్చిపడ్డాయి. ఫోన్ సిగ్నలే అందని పొలాల్లో, కొండల్లో ఇంటర్నెట్ ఎక్కడ తేవాలని చాలామంది అడిగారు. 2021 జనవరిలో తుది నియమం అచ్చయ్యేసరికి ఇంటర్నెట్ మాట పోయింది, రేడియో చాటింపు ఒక్కటే మిగిలింది. తయారీదారులకు 2022 సెప్టెంబరు, ఎగరేసేవాళ్లకు 2023 సెప్టెంబరు 16 గడువు పెట్టారు. ఆ రెండో గడువు వచ్చేనాటికి మాడ్యూళ్ళు చాలామందికి దొరకలేదు. దాంతో 2024 మార్చి 16 దాకా కేసులు పెట్టే విషయంలో చూసీచూడనట్టు ఉంటామని ఎఫ్ఏఏయే ప్రకటించుకోవలసి వచ్చింది. ఈ తేదీల సంగతి చివర్లో మళ్ళీ పనికొస్తుంది.

నియమం మూడు దారులు చూపింది. మొదటిది, ఫ్యాక్టరీలోనే రిమోట్ ఐడీ పెట్టి అమ్మే డ్రోన్ కొనుక్కోవడం. రెండోది, లేని డ్రోన్‌కు మాడ్యూల్ తగిలించుకోవడం. మూడోది, ఎఫ్ఏఏ గుర్తించిన మైదానాల్లో మాత్రమే ఎగరేసుకోవడం. అక్కడ రిమోట్ ఐడీ అక్కర్లేదు. అయితే ఆ మైదానాలకు దరఖాస్తు పెట్టే హక్కు మోడల్ విమానాల సంఘాలకు, విద్యాసంస్థలకు మాత్రమే ఉంది. సరదాకు ఎగరేసే డ్రోన్ బరువు 250 గ్రాములు, అంతకంటే తక్కువ అయితే ఈ గొడవేమీ లేదు. డబ్బు తీసుకుని ఎగరేస్తే మాత్రం బరువుతో పని లేకుండా నియమం పట్టుకుంటుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మనవాళ్ళ గృహప్రవేశాలకు, సీమంతాలకు డ్రోన్ షాట్లు తీసి పెట్టే ఫొటోగ్రాఫర్లు మన తెలుగువాళ్ళలోనే చాలామంది ఉన్నారు. 249 గ్రాముల డ్రోనే కదా అని ధీమాగా ఉండే వాళ్ళకు ఈ ముక్క తెలియాలి: ఫీజు పుచ్చుకున్న క్షణం నుంచి అది సరదా ఎగరేత కాదు. భద్రత లేకుండా డ్రోన్ ఎగరేసిన నేరానికి ఒక్కో ఉల్లంఘన మీద 75,000 డాలర్ల దాకా జరిమానా వేసే అధికారం 2024 చట్టంతో ఎఫ్ఏఏకు వచ్చింది.

ఇప్పుడు ఆ మాడ్యూల్‌ను కాస్త దగ్గరగా చూద్దాం. తేలికపాటివి పదిహేను గ్రాముల అటూ ఇటూ తూగుతాయి. లోపల ఒక జీపీఎస్ చిప్పు, ఒక బ్లూటూత్ లేదా వైఫై ట్రాన్స్‌మిటర్, చిన్న యాంటెనా ఉంటాయి. కొన్నిటికి సొంత బ్యాటరీ ఉంటుంది, కొన్ని డ్రోన్ బ్యాటరీ నుంచే కరెంటు తీసుకుంటాయి. చాలామంది వెల్క్రో పట్టీతో అంటిస్తారు. కార్బన్ ఫ్రేమ్ కింద నొక్కిపెడితే సిగ్నల్ చస్తుంది, వీడియో ట్రాన్స్‌మిటర్ పక్కన పెడితే జీపీఎస్ తడబడుతుంది, అందుకని ఎక్కడ అంటించాలన్నదే సగం పని. స్విచ్ వేయగానే అది తనను తాను పరీక్షించుకోవాలి, లోపముంటే ఎగరకముందే చెప్పాలి. ఉపగ్రహాలు దొరికాక, నేల విడిచిన చోటును గుర్తు పెట్టుకుంటుంది. అక్కడి నుంచి కనీసం సెకనుకు ఒకసారి చాటుతూనే ఉంటుంది: తన సీరియల్ నంబరు, తానున్న అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, వేగం, సమయం, ఎగిరిన చోటు. ఆ సీరియల్ నంబరును యజమాని ముందే ఎఫ్ఏఏ వెబ్‌సైట్‌లో తన రిజిస్ట్రేషన్ కింద చేర్చి ఉండాలి. సరదాకు ఎగరేసేవాడికి ఒకే మాడ్యూల్‌ను తన నాలుగైదు డ్రోన్ల మధ్య మార్చుకునే వీలుంది. సొంత చేతులతో రేసింగ్ డ్రోన్లు కట్టుకునే వాళ్ళకు ఇది చిన్న ఊరట కాదు.

ఫ్యాక్టరీ డ్రోన్‌కూ మాడ్యూల్‌కూ మధ్య ఒక తేడా ఉంది. చాలామంది దీన్ని పట్టించుకోరు గాని నా వాదనంతా దాని మీదే నిలబడుతుంది. మాడ్యూల్ చెప్పేది డ్రోన్ ఎగిరిన చోటు. ఫ్యాక్టరీ డ్రోన్ చెప్పేది కంట్రోలర్ పట్టుకున్న మనిషి ఈ క్షణాన ఉన్న చోటు. అతను పదడుగులు జరిగితే అదీ జరుగుతుంది. ఆ మనిషి ఎంత ఎత్తున నిలబడ్డాడో పదిహేను అడుగుల కచ్చితత్వంతో చెప్పాలని నియమం. డ్రోన్ ఎత్తుకు మాత్రం నూటయాభై అడుగుల తేడా వచ్చినా ఒప్పుకుంటారు. గాల్లో ఉన్న వస్తువు కంటే నేల మీద ఉన్న మనిషిని కచ్చితంగా పట్టుకోవాలన్న ఆత్రం ఆ రెండంకెల్లో కనిపిస్తుంది. ఈ చాటింపుకు తాళం లేదు. మామూలు ఫోన్‌లో ఉచిత యాప్ వేసుకుంటే చాలు, మ్యాపు మీద ఒక చుక్క డ్రోన్, ఇంకో చుక్క పైలట్. పేరు, ఇంటి అడ్రసు మాత్రం ఎఫ్ఏఏ రికార్డుల్లోనే ఉంటాయి, వాటిని చూసే అధికారం పోలీసుల వంటి వారికే ఉంది. అంటే పేరును దాచారు, మనిషిని మాత్రం వేలితో చూపించారు.

ఈ చాటింపును వినేవాళ్ళు ఎవరో, ఎవరికి ఏం కావాలో విడదీసి చూస్తే విషయం తేటపడుతుంది. హెలికాప్టర్ పైలట్‌కు, ఇంకో డ్రోన్ పైలట్‌కు కావలసింది గాల్లో ఆ వస్తువు ఎక్కడుంది, ఎటు పోతోంది అన్నది. దాన్ని ఎగరేసే మనిషి చెట్టు కింద ఉన్నాడా, మిద్దె మీద ఉన్నాడా అన్నది వాళ్ళకు అక్కరలేదు. పడకగది కిటికీ ముందు డ్రోన్ ఆగిందని కంగారుపడే ఇల్లాలికి కావలసింది ఫిర్యాదులో రాయడానికి ఒక నంబరు. ఎగరేసేవాడు ఎక్కడున్నాడో నిజంగా కావలసింది పోలీసులకే, అదీ వెంటనే వెళ్ళి ఆపాల్సిన సందర్భంలో. ముగ్గురి అవసరాలు మూడు రకాలు. అమెరికా నియమం మాత్రం ముగ్గురికీ ఒకే విస్తరి వేసింది.

దీనివల్ల వచ్చే ప్రమాదం ఊహ కాదు. 2015 జూలైలో కెంటకీ రాష్ట్రంలో ఒకాయన తన ఇంటి మీదికి వచ్చిన డ్రోన్‌ను తుపాకీతో కాల్చి పడగొట్టాడు. స్థానిక కోర్టు అతని మీద కేసు కొట్టేసింది. 2024 జూన్‌లో ఫ్లోరిడాలో డెబ్భై రెండేళ్ళ పెద్దాయన ఒకరు వాల్‌మార్ట్ సరుకుల డ్రోన్ మీద కాల్పులు జరిపి అరెస్టయ్యారు. డ్రోన్ మీద కోపం అంత దూరం వెళ్ళే దేశంలో, ఆ డ్రోన్ వెనకాల మనిషి ఎక్కడున్నాడో ఫోన్ తెర మీద చూపించడం ఎవరి భద్రత పెంచినట్టు? కరెంటు స్తంభాలను తనిఖీ చేసే ఉద్యోగులు, ఊరి చివర సర్వే చేసే మహిళలు చాలాసార్లు ఒంటరిగా ఉంటారు. యుద్ధంలో ఇదే పాఠం మరింత కఠోరంగా కనిపించింది. చైనా కంపెనీ డీజేఐ 2017లో ఏరోస్కోప్ అనే రిసీవర్‌ను తెచ్చింది. పోలీసులు, విమానాశ్రయాల వాళ్ళు డీజేఐ డ్రోన్లను గుర్తించాలన్నది దాని ఉద్దేశం. ఆ డ్రోన్లు పైలట్ ఉన్న చోటును కూడా పంపేవి. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఆ సమాచారంతో అవతలి పక్షం పైలట్లను వెతికి గుండ్లు కురిపిస్తోందన్న ఆందోళన లేచింది. ఆ సిగ్నల్‌కు తాళం లేదని, మామూలు రేడియో పరికరాలతో చదవవచ్చని జర్మనీ పరిశోధకులు 2023లో చూపించారు. అది రిమోట్ ఐడీ కాదు, వేరే పద్ధతి, నిజమే. కాని పైలట్ చోటును బహిరంగంగా చాటితే దాన్ని ఎవరు ఎందుకు వాడతారో చాటించేవాడి చేతిలో ఉండదని అది రుజువు చేసింది.

మాడ్యూల్ కూడా ఎగిరిన చోటు చెబుతుంది కదా, సొంత పెరట్లోంచి ఎగరేస్తే అదీ ఇంటి అడ్రసే కదా అని అడగవచ్చు. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయలేం. పైగా మాడ్యూల్ చెప్పే సీరియల్ నంబరు ఎప్పుడూ మారదు. ఒకే నంబరు రోజూ ఒకే పెరట్లోంచి లేస్తుంటే, ఆ ఇల్లు ఎవరిదో కనుక్కోవడం పెద్ద విద్య కాదు. ఫ్యాక్టరీ డ్రోన్లకు ప్రతి ఎగరేతకూ తాత్కాలిక సంఖ్య వాడుకునే వెసులుబాటు నియమంలో ఉంది, మాడ్యూల్‌కు లేదు. కాబట్టి మాడ్యూల్‌లో దోషం లేదని అనను. అయినా ఎగిరిన చోటు అన్నది గడిచిపోయిన విషయం. ఎవరైనా కర్ర పట్టుకుని బయలుదేరేసరికి పైలట్ అక్కడి నుంచి కదిలిపోవచ్చు. అతని కదలికను సెకను సెకనుకూ చూపించే చుక్కకంటే ఇది చాలా మెరుగు. మాడ్యూల్‌ను నియమం రాసినవాళ్ళు రెండో రకం సరుకుగానే చూశారు. అది తగిలించినవాడు డ్రోన్‌ను కంటిచూపు మేరకే ఎగరేయాలని షరతు పెట్టారు. నా లెక్కన ఆ షరతే దానికి బలం. మనిషి కళ్ళకు కనబడేంత దగ్గరలోనే డ్రోన్ ఉండాలంటే, పోలీసుకు ఎగిరిన చోటు తెలిస్తే చాలు, ఎగరేసినవాడు ఆ చుట్టుపక్కలే దొరుకుతాడు. ప్రత్యక్షంగా వెంటాడే చుక్క దేనికి?

పైలట్ చోటు చెప్పకుండా రిమోట్ ఐడీ పనిచేస్తుందా అన్న సందేహానికి జపాన్ జవాబు చెప్పింది. 2022 జూన్ 20 నుంచి అక్కడ నూరు గ్రాములు, ఆపైన బరువున్న ప్రతి డ్రోన్‌కూ రిజిస్ట్రేషన్, దాంతోపాటు రిమోట్ ఐడీ తప్పనిసరి. ముందే రిజిస్టర్ చేసుకున్న పాత డ్రోన్ల వంటి కొన్నిటికి మినహాయింపు ఇచ్చారు. అమెరికా 250 గ్రాముల దగ్గర ఆగితే జపాన్ నూరుకు దిగింది, ఆ విషయంలో జపానే కఠినం. అయినా అక్కడి డ్రోన్ చాటేది రిజిస్ట్రేషన్ సంఖ్య, తయారీ సంఖ్య, తానున్న చోటు, ఎత్తు, వేగం, సమయం. యజమాని వివరాలు లేవు, ఎగరేసేవాడు నిలబడ్డ చోటు లేదు. అంతకంటే ముఖ్యమైంది, ఆ సందేశం అసలుదేనని నిర్ధారించే ఒక ధ్రువీకరణ భాగం కూడా దాంట్లో ఉంటుంది. బయట తగిలించే మాడ్యూళ్ళను అక్కడా వాడుతున్నారు. ఐరోపా సమాఖ్య మాత్రం అమెరికా దారినే పట్టింది: 2024 జనవరి 1 నుంచి క్లాస్ గుర్తులున్న డ్రోన్లలో పైలట్ ఉన్న చోటు, అది దొరకకపోతే ఎగిరిన చోటు బహిరంగంగా చాటాలి. అంటే ప్రపంచమంతా ఒకే పద్ధతి అవలంబించిందని, వేరే దారి లేదని ఎవరైనా అంటే అది నిజం కాదు.

అసలు రిమోట్ ఐడీయే దండగ అనేవాళ్ళూ ఉన్నారు. దొంగ మాడ్యూల్ పెట్టుకుని వస్తాడా అని వాళ్ళ ప్రశ్న. 2018 డిసెంబరులో లండన్ దగ్గరి గాట్విక్ విమానాశ్రయం డ్రోన్ కనబడిందన్న కబుర్లతో రెండు రోజులకు మించి అతలాకుతలమైంది. సుమారు వెయ్యి విమానాలు, 1,40,000 మంది ప్రయాణికులు చిక్కుకున్నారు. ఎగరేసినవాడు నేటికీ దొరకలేదు. పోలీసులు అనుమానంతో పట్టుకున్న దంపతులకు ఏ సంబంధమూ లేదని తేలి, చివరికి వాళ్ళకు పరిహారం ఇచ్చుకోవలసి వచ్చింది. అలాంటివాడు రిమోట్ ఐడీ పెట్టుకోడన్నది ఒప్పుకోవలసిందే. కాని గాట్విక్ కథను ఇంకో వైపు నుంచి చదవండి. ఆ రోజుల్లో చట్టబద్ధమైన ప్రతి డ్రోనూ తన నంబరు చెప్పే ఏర్పాటు ఉండి ఉంటే, నోరెత్తని డ్రోన్ ఒక్కటే అనుమానాస్పదమయ్యేది. చాలా కబుర్లు గంటల్లో వడకట్టుకుపోయేవి, అమాయకులు లాకప్‌కు వెళ్ళే అవకాశం తగ్గేది. గుర్తింపు వల్ల మొదటి ప్రయోజనం నిజాయితీపరుడిని పక్కకు తీసేయగలగడం. దొంగను పట్టడం ఆ తర్వాతి పని.

దీనికి వెంటనే మరో ఎదురుమాట వస్తుంది, ఇది ఇంకా గట్టిది. 2024 నవంబరు, డిసెంబరు నెలల్లో న్యూజెర్సీ ఆకాశంలో రహస్య డ్రోన్లంటూ జనం హడలిపోయారు. అప్పటికి రిమోట్ ఐడీ పూర్తిగా అమల్లోకి వచ్చి తొమ్మిది నెలలు. ఎఫ్‌బీఐకి 5,000కు పైగా కబుర్లు అందితే, ముందుకు వెళ్ళి చూడదగినవి ఓ వంద మాత్రమే తేలాయి. జనం చూసినవి చట్టబద్ధమైన డ్రోన్లు, మామూలు విమానాలు, హెలికాప్టర్లు, ఆఖరికి నక్షత్రాలు కూడానని అధికారులు ప్రకటించారు. మరి రిమోట్ ఐడీ ఏం చేసింది? చాటింపు వేసేవాళ్ళను తయారు చేశారు, వినేవాళ్ళను తయారు చేయలేదు. బ్లూటూత్, వైఫై సిగ్నళ్ళు కొన్ని వందల మీటర్ల నుంచి, మంచి పరికరముంటే కొద్ది కిలోమీటర్ల దాకా మాత్రమే వినిపిస్తాయి. ఆ పరిధిలో రిసీవర్ ఉన్నవాడు లేకపోతే డ్రోన్ ఎంత అరిచినా ఎవరికీ చేరదు. అదే ఏడాది జూన్‌లో అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం ఇచ్చిన నివేదిక కూడా ఈ సంగతే ఎత్తిచూపింది. స్థానిక పోలీసులకు రిమోట్ ఐడీని ఎలా వాడుకోవాలో తగిన మార్గదర్శకాలు అందలేదని అంది. కాబట్టి ఎదురుమాట నిజమే, కాని అది రిమోట్ ఐడీ అనవసరమని చెప్పదు. నిఘా భారమంతా పైలట్ నెత్తిన పెట్టి, వినే పని మీద ఎవరూ డబ్బు పెట్టలేదని చెబుతుంది.

గోప్యత విషయం కోర్టు తేల్చేసింది కదా అన్నది ఇంకో వాదన. రేసింగ్ డ్రోన్ల విడిభాగాలు అమ్మే ఒక వ్యాపారి ఈ నియమాన్ని సవాలు చేశాడు. వాషింగ్టన్‌లోని ఫెడరల్ అప్పీలు కోర్టు 2022 జూలై 29న దాన్ని కొట్టేసింది. బహిరంగ గగనంలో డ్రోన్ ఎగరేసేవాడు తాను ఎక్కడున్నాడో ఎవరికీ తెలియకూడదని ఆశించడం కుదరదని తీర్పు సారాంశం. దాన్ని జాగ్రత్తగా చదివితే, ఆ నియమం మొత్తంగా రాజ్యాంగ విరుద్ధమా కాదా అన్నదే కోర్టు తేల్చింది. సమాచారాన్ని ప్రభుత్వం రేపు ఎలా వాడుకుంటుందన్న దాని మీద విడిగా కేసు వేసే తలుపు తెరిచే ఉంచింది. రాజ్యాంగం ఒప్పుకున్నదల్లా తెలివైన నియమం కానక్కర్లేదు. ప్రభుత్వానికి తెలియడం వేరు, చేతిలో ఫోనున్న ప్రతివాడికీ తెలియడం వేరు.

దొంగ సంఖ్యల సమస్య కూడా ఉంది. అమెరికా సందేశానికి తాళమూ లేదు, సంతకమూ లేదు. కొద్ది డాలర్ల విలువైన చిప్పుతో లేని డ్రోన్లను ఉన్నట్టు మ్యాపు మీద చూపించవచ్చని ఔత్సాహికులు ఇప్పటికే చేసి చూపించారు. జపాన్ ధ్రువీకరణ భాగం దీనికి కొంతవరకు మందు. సంతకం చేయగల పరికరం పైలట్ చోటును పోలీసులే తెరవగలిగేలా కప్పి పంపనూ గలదు. గణితం పాతదే, చిప్పులూ ఉన్నాయి. అడ్డం వచ్చింది సామర్థ్యం కాదు, అందరికీ కనబడాలన్న విధాన నిర్ణయం.

ఖర్చు గురించి రెండు ముక్కలు. అమెరికాలో మాడ్యూల్ ధర మొదట్లో చాలామందిని భయపెట్టింది, తర్వాత తగ్గింది. కాని ధర కంటే బరువు ఒక్కోసారి పెద్ద చిక్కు. 249 గ్రాముల డ్రోన్‌కు పదిహేను గ్రాముల పెట్టె తగిలిస్తే అది 250 గీత దాటిపోతుంది. జనం మీదుగా ఎగరేయడానికి అత్యంత తేలిక తరగతికి ఇచ్చిన వెసులుబాటు ఆ క్షణమే పోతుంది, ఎందుకంటే తగిలించిన ప్రతిదీ బరువులో కలుస్తుంది. భద్రత కోసం పెట్టమన్న పెట్టె వల్లే డ్రోన్ తక్కువ భద్రమైన తరగతిలోకి జారడం నియమం రాసినవాళ్ళకు ముందే తట్టి ఉండాలి. గీత కిందివాళ్ళు ప్రమాదకారులు కారా అంటే, 2025 జనవరిలో లాస్ ఏంజెలిస్ మంటలు ఆర్పుతున్న విమానం రెక్కకు మూడంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవున చిల్లు పెట్టింది ఈ తేలిక తరగతి డ్రోనే. జపాన్ నూరు గ్రాముల గీత ఈ ఉదాహరణతో మరీ అతిగా అనిపించదు.

ఇక మన సంగతి. భారత డ్రోన్ నిబంధనలు 2021 ఆగస్టులో వచ్చాయి. వాటిలో పన్నెండో నిబంధన, కేంద్రం ముందు ముందు కొన్ని భద్రతా లక్షణాలను తప్పనిసరి చేయవచ్చని చెబుతుంది. వాటిలో ఒకటి, డ్రోన్ ఉన్న చోటు, ఎత్తు, వేగం, విశిష్ట గుర్తింపు సంఖ్య తెలియజేసే ట్రాకింగ్ బీకన్. ఆ జాబితాలో పైలట్ నిలబడ్డ చోటు అన్న మాట విడిగా లేదు. కావాలని వదిలారో, తట్టక వదిలారో గాని, ఆ ఖాళీని ఖాళీగానే ఉంచాలి. 2021 సెప్టెంబరులో వికారాబాద్‌లో మందులు మోసిన డ్రోన్లు, 2024 సెప్టెంబరు వరదల్లో విజయవాడ మిద్దెల మీద చిక్కుకున్నవాళ్ళకు అన్నం పొట్లాలు దించిన డ్రోన్లు తామెవరో చెప్పుకుంటే అందరికీ మేలు. నమో డ్రోన్ దీదీ పథకం కింద స్వయం సహాయక సంఘాల మహిళలు పొలం గట్టున నిలబడి మందు కొట్టే డ్రోన్ నడుపుతున్నారు. వరి మీద రెండు మూడు మీటర్ల ఎత్తున తిరిగే ఆ డ్రోన్ గురించి పక్క రైతుకు నంబరు తెలిస్తే చాలు. తన చేలో మందు పడిందనిపిస్తే ఎవరి మీద ఫిర్యాదు చేయాలో తెలుస్తుంది. ఆ మహిళ ఏ గట్టు మీద ఒంటరిగా ఉందో ఊరందరి ఫోన్లలో కనబడనక్కర్లేదు. అదే సమయంలో ప్రతి జిల్లా పోలీసు కార్యాలయానికి రిసీవర్లు, వాడటం తెలిసిన సిబ్బంది ఉండాలి. బీకన్ ఉత్తర్వు వచ్చిన రోజే ఆ ఖర్చుకూ పద్దు రాయాలి.

పన్నెండో నిబంధనలో గడువు కూడా ఉంది: నోటిఫికేషన్ వచ్చాక ఆరు నెలలకు తగ్గకుండా సమయం ఇవ్వాలి. అమెరికా తన పైలట్లకు రెండేళ్ళ ఎనిమిది నెలలు ఇచ్చింది, అయినా చివరికి మాడ్యూళ్ళు చాలక మరో ఆరు నెలలు కళ్ళు మూసుకోవలసి వచ్చింది. పైగా మన దేశం 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది, విడిభాగాలకు మాత్రం దారి ఉంచింది. ఇప్పటికే ఎగురుతున్న డ్రోన్లకు బీకన్లు ఇక్కడే తయారు కావాలి, ఇక్కడే ధ్రువీకరణ పొందాలి, పల్లెటూరి మెకానిక్ చేతికి అందాలి. ఆరు నెలలు అన్నది నిబంధన పెట్టిన కనీసపు గీత. ఎక్కువ ఇవ్వకూడదని అందులో ఎక్కడా లేదు.